యూనా కార్డిగన్ అంచు

చరిత్రలో కొన్ని ఘట్టాలకు శిలాశాసనాలు దొరుకుతాయి, కొన్నింటికి తామ్రపత్రాలు. మా టురాంగీ ఊరి చరిత్రలోకెల్లా ఘనమైన ఘట్టానికి మాత్రం గాలానికి చుట్టిన సన్నని రాగి తీగ ముక్క తప్ప వేరే ఆధారం లేదు. ఏటా చలికాలం మొదట్లో, తొలి తెల్లమంచు గడ్డిని పట్టిన ఉదయాన, క్లారీ పాస్కో అనే పెద్దమనిషి వంటింటి తలుపు వెనకాల మేకుకు వేలాడే తన భార్య యూనా ఉన్ని కార్డిగన్ దగ్గరికి వెళ్ళి, దాని కింది అంచును రెండు వేళ్ళతో పైకెత్తి, కళ్ళు మూసుకుని, వాసన చూసేవాడు. అదీ ఆ ఘట్టం.

దానివల్ల రాజ్యాలు కూలలేదు గానీ, వాసన బాగుందని కబురు వస్తే ఊళ్ళో మగవాళ్ళు అటకల మీంచి గాలపు కర్రలు దింపేవారు. బాగా లేదన్న కబురు ఎన్నడూ రాలేదు. అయినా ప్రతి ఏడూ పోస్టాఫీసు దగ్గర ఎవరో ఒకరు గొంతు తగ్గించి, "ఏం గురూ, ముక్కు ఏమంది?" అని అడిగేవారు.

"పొగ, గొర్రె, కొంచెం వాన," అనేవాడు క్లారీ, ఉగాది పంచాంగం చదివే గంభీరతతో.

వాసన అయ్యాక క్లారీ, యూనా గోళ్ళ కత్తెరతో ఆ అంచు లోపలి వైపు నుంచి ఒక చిటికెడు ఉన్ని కత్తిరించి పాత పొగాకు డబ్బాలో దాచేవాడు. చలికాలం పొడుగునా ఆయన కట్టే నింఫులన్నింటికీ ఆ చిటికెడే ప్రాణం. ఊరంతటికీ తెలిసిన ఈ రహస్యం ఒక్క యూనాకు తెలియదని ఆయన నమ్మకం.

నింఫ్ అంటే రెక్కలు రాకముందు నది అడుగున రాళ్ళ సందుల్లో కాలం వెళ్ళదీసే ఈగ పిల్ల. గాలానికి దాని వేషం వేసి, ట్రౌట్ చేప ముందు నుంచి దొర్లించడమే మా ఊరి విద్య. చలికాలంలో నీళ్ళు గడ్డకట్టేంత చల్లగా ఉంటాయి గనక చేపలు అడుగుకు దిగి, బద్ధకంగా, మూతి ముందుకు వచ్చినదాన్ని మాత్రమే పుచ్చుకుంటాయి. కాబట్టి నింఫ్ నేల మట్టానికి మునగాలి. అలాగని దారానికి సీసం కడితే నేరం. మా నది చట్టం ప్రకారం బరువంతా ఈగ కడుపులోనే ఉండాలి. భారమంతా లోపల దాచుకుని పైకి ఈగలా తేలిగ్గా కనబడాలన్నమాట. ఆ చట్టం రాసినవాడెవడో సంసారం చేసినవాడే అయ్యుంటాడు.

క్లారీ ఈ ఊరికి కుర్రతనంలో కొండ తొలిచే పనికి వచ్చాడు. కరెంటు కోసం కొండల కింద సొరంగాలు తవ్వి నీళ్ళను మళ్ళించిన రోజులవి. పని అయిపోయాక అందరూ మూటలు సర్దుకుని వెళ్ళిపోయారు. ఆయన ఒక్కడూ ఉండిపోయి, ఊరి పార్కుల్లో గడ్డి కోసే ఉద్యోగంలో కుదురుకున్నాడు. అడిగితే, "సొరంగంలో పని చేస్తుంటే తల మీద నది నడిచే చప్పుడు వినబడేది. అది ఎక్కడికి పోతోందో చూద్దామని పైకొచ్చాను. ఇంకా చూస్తున్నాను," అనేవాడు. ఆ మాట నిజమో కాదో గానీ, నదిలో మోకాటి లోతున నిలబడ్డ క్లారీని చూస్తే మాత్రం నిద్రలో నడుస్తూ వచ్చి అక్కడ ఆగిపోయిన మనిషిలా ఉంటాడు.

ఆ సొరంగాల రోజుల్లోనే ఆయనకు యూనా దొరికింది. నది ఎగువన గొర్రెలు మేపే రైతు కూతురు. ఆమె ఒంటి మీద తను పెంచిన గోధుమరంగు గొర్రె ఉన్నితో తనే అల్లుకున్న కార్డిగన్ ఉండేది. ఆ గొర్రె పేరు బిస్కట్. పెళ్ళి ముందు రోజు క్లారీ దగ్గర గాలానికి చుట్టేందుకు కుందేలు బొచ్చు అయిపోయి, తన చొక్కా భుజానికి అంటుకుని ఉన్న ఆ కార్డిగన్ నూగును తీసి నింఫ్ కట్టాడు. ఆ నూగు అక్కడికి ఎలా వచ్చిందో చరిత్రకు అనవసరం.

పెళ్ళి రోజు తెల్లవారుతూనే నదికి వెళ్ళాడు. యూనాకు తొడగాల్సిన ఉంగరం ఇంట్లో పెడితే పోతుందేమోనని దాన్ని చిటికెన వేలికి తొడుక్కుని మరీ వెళ్ళాడు. చన్నీళ్ళకు మనిషి వేళ్ళు సన్నబడతాయన్న సంగతి ఆయనకు అప్పటికి తెలియదు. వెండి నాణెంలా మెరిసే ట్రౌట్ నోట్లోంచి గాలం ఊడదీసి చూసుకునేసరికి చేతిలో చేప ఉంది, వేలికి ఉంగరం లేదు. అది జరిగిన చోటిని న్యాయమూర్తి మడుగు అంటారు. ఏ న్యాయమూర్తో మాకు తెలియదు. తీర్పులు మాత్రం అక్కడ జరుగుతుంటాయి.

కార్మికుల హాల్లో పాస్టరు ఉంగరం అడిగినప్పుడు పెళ్ళికొడుకు వార్తాపత్రికలో చుట్టిన పొట్లం ముందుకు జాపాడట. పొట్లం తోక ఆడించిందని కొందరు, అది తర్వాత పుట్టిన కల్పన అని కొందరు. యూనా పొట్లం విప్పి చూసి, అందరూ వినేలా అంది: "సరే. ఉంగరం దొరికే దాకా ఏటా ఇదే రోజున, చీకటి పడేలోగా, నాకొక ట్రౌట్ తెచ్చివ్వాలి. కొనడానికి వీల్లేదు. ఏ ఏడు తప్పితే ఆ ఏడు నీ గాలపు కర్ర పొయ్యిలోకి పోతుంది. ఇష్టమైతే ఒప్పుకో, లేకపోతే నేనిప్పుడే గొర్రెల దగ్గరికి వెళ్ళిపోతా."

కొనడానికి వీల్లేదన్న షరతు అదనం. ఈ దేశంలో ట్రౌట్ అమ్మడమే నేరం. ఎవరైనా పట్టాలి, లేదా పట్టినవాడు పెట్టాలి.

క్లారీ ఒప్పుకున్నాడు. యూనా మాట అంటే మాటే. ఒకసారి టీలో పంచదార మానేస్తానంది. మానేసింది, ఆయన టీలో కూడా. కాబట్టి ఏటా జులైలో, భూగోళం అడుగు సగంలో ఉన్న మాకు నడి చలికాలంలో, ఆ రోజున ఏదో ఒక ట్రౌట్ ఆ వంటింటికి చేరుతూ వచ్చింది. ప్రతిదీ కార్డిగన్ ఉన్ని నింఫుకే పడిందని క్లారీ ప్రమాణం చేసేవాడు. "బిస్కట్ ఈ నది నీళ్ళే తాగి పెరిగిందోయ్. దాని ఉన్ని నీళ్ళలో పడగానే ఊపిరి తీసుకుంటుంది. చేపకు అది పుట్టింటి వాసన," అనేవాడు. మా నదిలో నురగరాళ్ళు తేలుతాయి, కొండ నిప్పులు కక్కినప్పుడు పుట్టిన తేలిక రాళ్ళవి. రాళ్ళు తేలే ఊళ్ళో ఉన్ని ఊపిరి తీసుకుంటుందంటే నమ్మడం పెద్ద కష్టమేమీ కాదు.

నమ్మనివాడు ఒక్కడు. బడి బస్సు నడిపే హేమి. నది అడుగు నేలంతా ఈ దేశపు మూలవాసులైన హేమి వాళ్ళ మావోరీ తెగది. ఆ హక్కు మీద అతనికి గొప్ప అభిమానం.

"కోరో," అనేవాడు, వాళ్ళ భాషలో తాతను పిలిచినట్టు, "నీ ఉంగరం నది అడుగున ఉంది కదా. అంటే లెక్క ప్రకారం అది మా ఆస్తి. మా పెద్దల సభలో పెట్టి, నీకు అద్దెకు ఇప్పించమంటావా?"

"నువ్వు బస్సు నడుపుకో అబ్బాయ్."

"నడుపుతా గానీ, చేప పడేది నీ ఉన్నికి కాదు కోరో. వానకు. వాన పడితే నది పొంగుతుంది, నది పొంగితే చేపలు నది కలిసే సరస్సు వదిలి పైకొస్తాయి. నీ ఈగ కడుపులో ఏ గొర్రె ఉందో అవి అడగవు."

"నీ బస్సెక్కే పిల్లలు రోడ్డు పక్కన నిలబడి ఉంటారు, ఎక్కించుకుంటావు. అందుకే నీకు అలా తోస్తుంది. చేపను పిలవాలి. పిలుపు ఉన్నిలో ఉంది."

ఈ వాదన ఏళ్ళ తరబడి సాగింది. ఇద్దరూ ఓడిపోలేదు. అందుకే స్నేహం నిలిచింది.

నేను చెప్పబోయే చలికాలం మాత్రం వాన లేని చలికాలం. జూన్ అంతా ఆకాశం కడిగిన పింగాణీ పళ్ళెంలా ఉంది. పొద్దున లేస్తే కంచెల మీద, కార్ల మీద, ఉతికి మరిచిపోయిన బట్టల మీద తెల్లమంచు. నది సన్నబడి, అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టుకోవచ్చన్నంత తేటగా, మాటా పలుకూ లేకుండా పారుతోంది. రాళ్ళన్నీ కనబడుతున్నాయి, చేప ఒక్కటీ లేదు. తెల్లవారుజామున మడుగుల మీద పొగమంచు లేచి, పక్కూరు టొకాను వేడినీటి బుగ్గల ఆవిరితో కలిసిపోయి, ఊరు ఊరంతా ఎవరి కలలోనో ఉన్నట్టుండేది. ఆ కలలో నడుము లోతు నీళ్ళలో గాలం విసురుతూ క్లారీ. విసిరిన దారం మీద ఉన్ని బెండు, ముళ్ళకంచెకు చిక్కుకున్న తెల్ల గొర్రె ఉన్ని తీసి కట్టినది, తెల్ల పువ్వులా తేలుతూ వచ్చేది. అది ఆగాలి. ఆగితే కింద చేప నింఫును పట్టినట్టు. అది ఆగేది కాదు. హంసలా సాగిపోయేది.

మొదటి మంచు పడిన రోజు ఆయన వాసన చూశాడు, బాగానే ఉంది. కత్తెర పెట్టబోయి చూస్తే కార్డిగన్ అంచు అరిగిపోయి ఉంది. లోపలి మడత లేదు. ఇంకొక్క పోగు తీస్తే మొత్తం అల్లిక జారేట్టుంది. ఎన్నేళ్ళుగా కత్తిరిస్తున్నా ఆ కార్డిగన్ ఎందుకు పొట్టి కావడం లేదని మా ఊళ్ళో ఎవరికీ, ఆయనతో సహా, ఏనాడూ సందేహం రాలేదు. ఇప్పుడు ఒక్కసారిగా పొట్టి అయ్యేసరికి ఆయన తిన్నగా మా ఇళ్ళ మధ్య కంచె దగ్గరికి వచ్చాడు.

"ఉన్ని అయిపోతోంది," అన్నాడు నాతో, కంచె మీద మోచేతులు ఆనించి. బంగారు గని అడుగంటిందని చెప్పే వాడి ముఖం అది. "బిస్కట్ అయిపోతోంది."

ఆ మర్నాటి నుంచి కార్డిగన్ మేకు మీద కనబడటం కూడా మానేసింది. యూనా దాన్ని ఒంటి మీంచి తీయలేదు. వాళ్ళ వంటింటి కిటికీ నా వంటింటి కిటికీకి ఎదురు కావడం వల్ల ఈ క్రింది సంభాషణ నాకు దక్కింది.

"బంగారం, కార్డిగన్ మేకుకు లేదే?"

"నా ఒంటి మీదుంది."

"ఎండ వచ్చింది కదా."

"ఎండ కిటికీకి వచ్చింది. నాకు రాలేదు."

"ఉతకాలేమో దాన్ని."

"నిన్ననే ఉతికాను."

"మళ్ళీ ఉతకాలేమో."

"క్లారీ, నీకు కార్డిగన్ కావాలంటే నీకూ ఒకటి అల్లిస్తా. నాది నా ఒంటి మీద ఉండనీ. పెళ్ళి రోజు దగ్గరికొస్తోంది, గుర్తుందా? పొయ్యి పక్కన చోటు ఖాళీ చేసి ఉంచుతున్నా, నీ కర్రకు."

ఆయన నవ్వాడు గానీ ఆ నవ్వు టీ కప్పులోకే పడిపోయింది.

అక్కడి నుంచి వైజ్ఞానిక యుగం ఆరంభమైంది. మేజా అంచుకు బిగించిన వైస్ అనే చిన్న పట్టకారు ముందు భూతద్దం పెట్టుకుని క్లారీ సృష్టిలోని బొచ్చునంతా పరీక్షించాడు. వైస్ దవడల్లో గాలం. గాలానికి ముందు సీసపు తీగ చుట్లు, బరువు కోసం. దాని మీద పట్టుదారం. దారానికి మైనం రాసి, బొచ్చును వేళ్ళతో నులిమి, పోగులా పేని, తోక నుంచి మెడ దాకా చుట్టాలి. ఆ పైన రాగి తీగ, పురుగు ఒంటి మీది గీతల్లా. చివర మెడ దగ్గర కాస్త బొచ్చు చెదరగొట్టి వదిలేయాలి, కాళ్ళన్నట్టు. చేతి పని అంతా అయ్యాక, నోట్లో పెట్టుకుని తడిపి, వెలుగుకు ఎత్తి చూస్తే అది బతికున్నట్టుండాలి. "చేప చూసేది తడి ఈగను. నువ్వు పొడి ఈగను చూసి మెచ్చుకుంటే ఏం లాభం?" అనేవాడు. అందుకే ఆయన ముక్కు తర్వాత ఊళ్ళో గౌరవం పొందిన అవయవం ఆయన నాలుక.

కుందేలు ముఖం మీది బొచ్చు కట్టి చూశాడు. "ఇది మరీ హుషారు," అన్నాడు, "చలికాలపు ఈగకు ఇంత ఉత్సాహం పనికిరాదు." చెట్లెక్కి తిరిగే పాసమ్ బొచ్చు తేలిక ఎక్కువై నింఫ్ పొట్ట పైకి తిరిగి తేలిందట. హేమి తన కుక్కను దువ్వి సంచీడు బొచ్చు తెచ్చిచ్చాడు. క్లారీ వాసన చూసి, "ఇది చేపను పిలవదు, తరుముతుంది," అని మర్యాదగా తిరిగిచ్చేశాడు. ఒక మధ్యాహ్నం నేను ఇంట్లో లేనప్పుడు మా గుమ్మం ముందరి గోధుమరంగు కాళ్ళపట్టా ఒక మూల బోడి అయింది. దాని గురించి ఇరుగుపొరుగు మర్యాద కొద్దీ ఎవరమూ మాట్లాడుకోలేదు. ఆ నింఫుకూ చేప పడలేదు.

ఆ రోజుల్లో ఆయనకు ఒకే కల మళ్ళీ మళ్ళీ వచ్చేదట. కల అని ఆయన అనేవాడు కాదు, "నిన్న చూశాను" అనేవాడు. న్యాయమూర్తి మడుగు అడుగున ఒక పెద్ద హాలు. బారులు తీరిన ట్రౌట్లు, అన్నీ గోధుమరంగు కార్డిగన్లు తొడుక్కుని, పెళ్ళికి వచ్చిన చుట్టాల్లా కూర్చుని ఉంటాయి. పై నుంచి వెలుతురు ఆకుపచ్చగా వడగట్టుకుని దిగుతుంటుంది. ఎవరో ఒకరు ఇంకా రావాలన్నట్టు అన్నీ పైకి చూస్తుంటాయి. మొప్పలు మెల్లగా తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. తల మీద ఎక్కడో చాలా దూరాన సొరంగంలో విన్న అదే నది చప్పుడు. "నన్ను చూశాయి," అన్నాడు క్లారీ. "గుర్తుపట్టాయి. కానీ ఎవరూ లేచి రాలేదు."

"ఉంగరం కనబడిందా?" అన్నాను.

"దాని సంగతి అడగడానికి మొహమాటమేసింది."

పాత కథల్లో చేపలు ఉంగరాలు మింగి, సమయానికి కోతకు దొరుకుతాయి. మా నది చేపలకు అంత సంస్కారం లేదు.

పెళ్ళి రోజు ఇంకో వారం ఉందనగా యూనా పొద్దున్నే బస్సెక్కి టౌపో పట్నం వెళ్ళింది. కళ్ళద్దాల డాక్టరుకు చూపించుకుంటానంది. కార్డిగన్ తొడుక్కునే వెళ్ళింది. సాయంత్రం తిరిగొచ్చాక, ఆ అద్దాలు మారలేదేమని ఎవరూ అడగలేదు.

తర్వాత రెండు మూడు రోజులు ఆమె పగలంతా తలుపేసుకుని పక్కగదిలో కూర్చుంది. చలి అంది. ఆ పైన ఒక మధ్యాహ్నం నేను కట్టెలు తెచ్చుకుంటుంటే వాళ్ళ పెరట్లోంచి సన్నగా నీలిపొగ లేస్తోంది. చేపకు పొగ పట్టించి వండే వాళ్ళ పొగపెట్టె అది. పాత ఫ్రిజ్జును నిలబెట్టి అడుగున చిన్న నిప్పుగూడు అమర్చినది. మానుకా చెట్టు చెక్కపొట్టు వాసన కంచె దాటి వచ్చింది. ఊళ్ళో ఎవరికీ చేప లేని చలికాలంలో ఆ వాసన, నిద్రపట్టే ముందు వినబడే పాటలా, ఎక్కడి నుంచో తెలియకుండా వీధంతా తిరిగింది.

"చేప దొరికిందా యూనా?" అన్నాను కంచె మీంచి, ఆశగా.

"ఎక్కడిది? పెట్టెకు బూజు పట్టింది. పొగ వేస్తున్నా," అంది పెట్టె తలుపుకు వీపు ఆనించి. ఆ రోజు ఆమె ఒంటి మీద కార్డిగన్ లేదు. చలికి చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

పెళ్ళి రోజుకు ముందు రోజు మేకు మీద కార్డిగన్ వేలాడింది. యూనా గుమ్మంలో నిలబడి, వీధి చివర దాకా వినబడేట్టు, "క్లారీ, నేను హేమి వాళ్ళింటికి వెళ్తున్నా. రొట్టెలు నేర్పిస్తానంది వాళ్ళావిడ. చాలాసేపు రాను. చాలాసేపు!" అని చెప్పి వెళ్ళింది. ఆ రొట్టెలు యూనా ముప్పై ఏళ్ళుగా చేస్తూనే ఉంది.

నా కిటికీ లోంచి చూస్తే క్లారీ తలుపు వెనక్కి వెళ్ళడం కనబడింది. అంచు ఎత్తాడు. కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత అంచును లోపలికి తిప్పి చూసి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ చూశాడు. బయటికి పరుగెత్తుకొచ్చాడు.

"పెరిగింది!" అన్నాడు కంచె దగ్గర, ఊపిరి అందకుండా. "మడత మళ్ళీ వచ్చింది. మంచి ఉన్ని చూడు, ఆవిరి తగిలితే సాగుతుంది. ఎన్నడూ లేనంత వాసన! పొగ, గొర్రె, వాన!"

మధ్యాహ్నం ఎండలో మేజా కిటికీ దగ్గరికి జరుపుకుని నింఫ్ కట్టాడు. సీసం చుట్లు మామూలుకన్నా కొన్ని ఎక్కువే వేశాడు, చేప లోతున ఉంటుందని. ఆ పైన కొత్తగా కత్తిరించిన ఉన్ని పేని చుట్టాడు. కట్టినది నోట్లో తడిపి వెలుగుకు ఎత్తాడు. నేను చూస్తుండగానే పెదవులు కదిపాడు. ప్రార్థనో, గొర్రె పేరో.

ఆ రాత్రి వాన పడింది. నెలన్నర తర్వాత మొదటి వాన.

తెల్లారేసరికి నది టీ రంగులో ఉబ్బి, ఒడ్డున గడ్డిని తడుముతోంది. కొండ కనబడలేదు. మబ్బు వంతెన మీద దాకా దిగి కూర్చుంది. న్యాయమూర్తి మడుగు దగ్గర అప్పటికే మనుషులున్నారు. మా నదిలో మర్యాద ఒకటుంది. ముందు వచ్చినవాడి కన్నా పైన దిగకూడదు. కింది చివర దిగి, ఒక్కో అడుగూ ఎగువకు జరుగుతూ రావాలి. క్లారీ అందరికన్నా కింద దిగాడు. ఒడ్డున రాతి మీద నేనూ, ఆదివారం గనక బస్సు లేని హేమీ.

"వాన పడింది కోరో," అన్నాడు హేమి, మెల్లగా.

"చూశానోయ్. ఒళ్ళంతా తడిసింది."

"నేనేమీ అనలేదు."

"అనబోతున్నావు."

పొద్దంతా గడిచింది. ఎగువన ఒకరికి చేప పడింది, ఇంకొకరికి పడి తప్పించుకుంది. క్లారీ తెల్ల బెండు నురగల మధ్య తేలుతూ వచ్చేది, పోయేది. ఆయన కదలికలు నెమ్మదించి, విసరడానికీ ఊపిరి తీసుకోవడానికీ తేడా తెలియకుండా అయిపోయింది. నురగరాళ్ళు ఆయన నడుము చుట్టూ తిరిగి, ఒకదాన్నొకటి తాకుతూ, సరస్సు వైపు వెళ్ళిపోతున్నాయి. మబ్బు లోపల వెలుతురు తేనె రంగుకు తిరిగింది. చీకటి పడటానికి ఇంక ఎక్కువ సేపు లేదని అందరికీ తెలుసు. యూనా కూడా వచ్చింది. గొడుగు వేసుకుని, కార్డిగన్ తొడుక్కుని, ఒడ్డున నిలబడింది. పొద్దున్నుంచీ తను పొయ్యి ముట్టించలేదని నాతో అంది. "పొయ్యి వెలిగించి ఉంటే ఆయన మనసు చెదురుతుంది."

అప్పుడు బెండు ఆగింది.

మునగలేదు, గుంజుకోలేదు. ఒక క్షణం, ఏదో గుర్తొచ్చిన వాడిలా, నీటి మీద నిలబడిపోయింది. నీళ్ళు దాన్ని దాటి వెళ్ళిపోయాయి. క్లారీ కర్ర ఎత్తాడు. మడుగు మధ్యలోంచి వెండి చేప లేచి, గాలిలో అడ్డంగా వంగి, మేం చూస్తుండగానే నింపాదిగా మళ్ళీ నదిలోకి వెళ్ళింది. దాని వెనకే దారం పాడుతూ వెళ్ళింది. "పట్టు వదులు కోరో! వదులు! ఇప్పుడు లాగు! లాగొద్దు!" అని హేమి ఒడ్డంతా పరుగెత్తాడు. వాన సంగతి అతనికి గుర్తు లేదు. యూనా గొడుగు మూసి రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

చేప ఒడ్డుకు వచ్చేసరికి ఇంకా మనిషి ముఖం ఆనవాలు పట్టేంత వెలుతురు ఉంది. క్లారీ దాన్ని గడ్డి మీద పడుకోబెట్టి, యూనా ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. లేవలేక కూర్చున్నాడో, మర్యాదకు కూర్చున్నాడో తెలియలేదు.

"ఇదిగో బంగారం."

యూనా వంగి చూసింది. "పోయినేటి దానికన్నా లావుంది," అంది. ఆయన తలను తడి చేత్తో ఒకసారి నిమిరింది. "లే. చలి."

మర్నాడు మధ్యాహ్నం పొగపెట్టె మళ్ళీ వెలిగింది, ఈసారి చేపతో. చేపను వెన్ను మీంచి చీల్చి, ఉప్పు, నల్ల పంచదార రాసి లోపల పెట్టారు. క్లారీ పెరటి బెంచీ మీద కూర్చుని హేమికి సిద్ధాంతం వినిపిస్తున్నాడు. చేతిలో ఆ నింఫే ఉంది. "చూడు, ఇంత పోరాటం తర్వాత కూడా ఒక్క పోగు చెదరలేదు. అదీ సజీవమైన ఉన్ని అంటే. బిస్కట్ నది నీళ్ళు తాగింది, నది బిస్కట్‌ని గుర్తుపెట్టుకుంది."

"అవును కోరో," అన్నాడు హేమి. నిన్నటి అరుపులకు గొంతు పోయి ఉంది. వాదించే స్థితిలో లేడు.

నేను పొగపెట్టె దగ్గర యూనాకు చెక్కపొట్టు అందిస్తున్నాను. ఆమె కార్డిగన్ అంచు నా కళ్ళ ముందే ఉంది. నిండుగా, గట్టిగా, కొత్తగా.

"యూనా, ఇన్నేళ్ళు కత్తిరించినా ఇది పొట్టి కాదేం?"

ఆమె ఆయన వైపు చూసి, పొగ వైపు తిరిగింది. "ఏటా వసంతంలో మళ్ళీ అల్లుతా. పోయినసారి నూలు దొరక్క మానేశాను. అందుకే ఈ తిప్పలన్నీ. ఆయన ఇంకొక్క పోగు లాగితే కార్డిగన్ మొత్తం ఊడొచ్చేది. దాన్ని ఒంటి మీద పెట్టుకుని కాపాడాల్సొచ్చింది. టౌపో వెళ్ళి నూలు తెచ్చి, అంచు అల్లి, ఈ పెట్టెలో వేలాడదీసి పొగ పట్టించాను. లేకపోతే ఆయన ముక్కు ఒప్పుకోదుగా."

"ఇంతా చేసి ఆయన్ని నదికి పంపడమెందుకు? కర్ర పొయ్యిలో పడేస్తే నీ మాట నెగ్గేది కదా?"

"నెగ్గేది. ఆ పైన ఆ మనిషి పొద్దస్తమానం ఇంట్లోనే ఉండేవాడు," అంది యూనా. "సొరంగాల పని అయిపోయినప్పుడు ఒక ఏడు అలా ఉన్నాడు. కిటికీ దగ్గర కూర్చుని గోడ వైపు చూసేవాడు. నాకు అది మళ్ళీ చూడాలని లేదు."

నేను ఇంకో గుప్పెడు చెక్కపొట్టు అందించాను. బెంచీ దగ్గర క్లారీ నింఫును ముక్కుకు ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడు. పొగ, గొర్రె, వాన.

"మరి బిస్కట్ ఉన్ని?"

"పెళ్ళయిన మూడో ఏడే అయిపోయింది. తర్వాత ఏది దొరికితే అది." ఆమె అంచును కిందికి లాక్కుని సర్దుకుంది. "కొండ బూడిద కక్కిన ఏడాది నుంచీ అంతా యాక్రిలిక్, ప్లాస్టిక్ పోగు. నాకు ఉన్ని పడదు, దురద."